అత్తగారి పుదీనాకు నేను చేసిన వైద్యం

ఒక చిన్న పురుగును తప్పుగా గుర్తుపడితే ఏమవుతుంది? మామూలు మనుషులకైతే ఏమీ కాదు. నేను గుర్తుపట్టిన పాపానికి మాత్రం ఒక పెళ్లిచూపుల భోజనం పరువు మంటగలిసింది, కాబోయే పెళ్లికొడుకు నోట మాట పడిపోయింది, నా మూడు నెలల కాపురం మగ్గం మీద తెగిన పోగులా వేలాడింది. ఇంత ఘనత అందరికీ దక్కదు. దక్కిన వాణ్ని కాబట్టి, సిగ్గు పక్కన పెట్టి చెబుతున్నాను.

తొంభైల చివరి మాట. నాది హిందూపురం. అక్కడే వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసి, పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు సారుగా చేరాను. చేరిన నెలకే నాకు తెలియని మొక్క ఈ భూమ్మీద లేదని నిర్ణయానికి వచ్చేశాను. నేను నడిచి వెళ్తుంటే దారి పక్క తుమ్మచెట్లు లేచి నిలబడి నమస్కారం పెట్టడం లేదేమిటా అని లోలోపల కాస్త బాధగా ఉండేది. అంత పొగరు.

ఆ ఏడే పద్మతో నా పెళ్లయింది. వాళ్లది ధర్మవరం. మామ పట్టుచీరలు నేస్తారు. ఇంటి ముందుగదిలో మగ్గం, వెనక పెరట్లో అత్త సామ్రాజ్యం. పాత రాతితొట్టి నిండా పుదీనా, పక్కన నాలుగు మూరల కొత్తిమీర మడి, గోడవారగా కరివేపాకు చెట్టు. వీధిలో ఎవరింట్లో పులుసు కాగినా ఒక రెమ్మ అత్త పెరట్లోంచి పోవలసిందే.

దసరా సెలవులకు అత్తగారింటికి వెళ్లాను. వెళ్లిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి అడుగుపెట్టి పుదీనా తొట్టి ముందు ఆగిపోయాను. ఆకుల మీద నల్లటి పురుగులు. ఒళ్లంతా ముళ్లు, వీపున నారింజరంగు మచ్చలు, గోరంత మొసళ్లలా పాకుతున్నాయి. వాటి పక్కనే ఎర్రటి గుండ్రటి పురుగులు, బొట్టుబిళ్లల్లా.

"అత్తా! ఎంత ప్రమాదం! మీ పుదీనాకు తెగులు పట్టింది!" అని అరిచాను.

అత్త చీపురు పక్కన పెట్టి వచ్చింది. "తెగులు యాడుండాది అల్లుడా? అవి అక్షింతల పురుగులు. ఆ నల్లవి వాటి పిల్లలు. ఏటా వస్తాయి, ఏటా పోతాయి. ఆకు కొరకవు."

"ఆకు కొరకకపోతే ఆకు మీద ఏం పని వాటికి?"

"అది నాకు తెల్దు. ఇదో, ఆకు కింద పచ్చగా సన్నగా ఉండాయి చూడండి, వాటిని తింటాంటాయి. మా అమ్మ చెప్తాండె."

నేను ఆకు తిప్పి చూశాను. అడుగున ఆవగింజలో పావు వంతు ఉండే లేతపచ్చ చుక్కలు గుంపులుగా అంటుకుని ఉన్నాయి. ఇప్పుడు నేను చెప్పబోయే మాట విని నవ్వు ఆపుకోనక్కరలేదు. నేనూ ఆపుకోను. గొంతు సవరించుకుని, తొమ్మిదో తరగతికి పాఠం చెప్పే ధోరణిలో అన్నాను.

"అత్తా, అవి పురుగులు కావు. తైలగ్రంథులు. పుదీనాకు వాసన వచ్చేది వాటివల్లే."

అత్త నా ముఖం చూసింది, ఆకు చూసింది, మళ్లీ నా ముఖం చూసింది. కొత్త అల్లుడు కదా, ఎదురు చెప్పలేదు. "చదువుకున్నోళ్లు, మీకే తెలుస్తాదిలే," అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాటలోని కారం నాకు అప్పుడు తగల్లేదు.

మూడు రోజులు పొద్దునా సాయంత్రం పద్మ కనుబొమల పట్టకారు పట్టుకుని యుద్ధం చేశాను. నల్ల పురుగుల్ని, ఎర్ర పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి సబ్బునీళ్ల గ్లాసులో వేశాను. ఆకు కింది 'గ్రంథుల' మీద మాత్రం వేలు పడకుండా జాగ్రత్తపడ్డాను, వాసన పోతుందేమోనని. దొంగల్ని ఇంట్లో కూర్చోబెట్టి పోలీసుల్ని ఏరి ఏరి చంపిన మొనగాణ్ని బహుశా నేనొక్కణ్నే.

నాలుగో రోజు పద్మ చెల్లెలు సుజాత పెరట్లోంచి కేకేసింది. "బావా! ఒకసారి రాండి. మీ గ్రంథులకు కాళ్లుండాయి!"

"కాళ్లేంటి?"

"కాళ్లు బావా, కాళ్లు. నడుస్తాండాయి."

వెళ్లి చూశాను. నడుస్తున్నాయి. నడవడమేంటి, సంసారాలు పెట్టి పిల్లల్ని కని వీధులు వేసుకున్నాయి. చిగుళ్లన్నీ ముడుచుకుపోయాయి. ఆకులు బెల్లంపాకంలో ముంచినట్టు జిగటగా ఉన్నాయి. ఆ జిగట కోసం చీమలు గోడ మీద నుంచి బారులు కట్టాయి. అది పేనుబంక. మొక్క రసం పీల్చే పేనుబంక. పుస్తకంలో దాని బొమ్మ చూశాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కళ్లెదుట కనబడితే మాత్రం గ్రంథి అన్నాను.

మామ మగ్గం దిగి వచ్చి చూశారు. "ఏమప్పా, వట్టి నీళ్లు గట్టిగా కొట్టు, రాలిపోతాయి. పోకపోతే రోంత సబ్బునీళ్లు చల్లి, మళ్లా మంచినీళ్లతో కడుగు. అంతే."

ఆ మాటతో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నెత్తి మీద డిగ్రీ ఉందే! నేతగాడు చెప్పిన సలహా సైన్సు సారు ఎట్లా వింటాడు? పైగా ఆదివారం సుజాతకు పెళ్లిచూపులు. గోరంట్ల నుంచి మనుషులు వస్తున్నారు. ఆలోపు పుదీనాను బాగుచేసి అత్త చేత "అల్లుడంటే మా అల్లుడే" అనిపించుకోవాలని పంతం పట్టాను.

శనివారం సాయంత్రం అందరూ గుడికి వెళ్లారు. నేను తలనొప్పి అని ఉండిపోయి, బజారునుంచి తెచ్చిన పొగాకు కాడలు ఒక పాత గిన్నెలో వేసి కషాయం కాచాను. ఎంత వేయాలో సరిగ్గా గుర్తులేదు. గుర్తులేనప్పుడు తక్కువ వేయడం పిరికితనం అనిపించి రెండింతలు వేశాను. చల్లార్చి, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాలో పోసి తొట్టంతా తడిపేశాను. పేనుబంక టపటపా రాలింది. విజయగర్వంతో నాకు కళ్లు తిరిగాయి. అది గర్వం కాదు, పొగాకు ఘాటు అని తర్వాత తెలిసింది.

మందు కొట్టిన ఆకును చాలా రోజులు కోయకూడదని నాకు తెలుసు. ఒట్టు, తెలుసు. కానీ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. అందరినీ ఆశ్చర్యపరచాలి కదా!

ఆదివారం పొద్దున గోరంట్ల వాళ్లను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లాను. పెళ్లికొడుకు రమేశ్‌ది హిందూపురంలో ఉద్యోగం, సౌమ్యుడు. వాళ్ల నాయన చిన్నప్పయ్య పెద్ద గొంతు మనిషి, బుగ్గన ఎప్పుడూ పొగాకు. ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాను. చూపులు భోజనాలయ్యాక అనుకున్నారు. ఆకులు వేశారు. చిత్రాన్నం వచ్చింది, వడలు వచ్చాయి, ఆపైన పచ్చగా నిగనిగలాడుతూ పచ్చడి వచ్చింది.

నా గుండె మగ్గం కింద గుంటలో పడింది.

"అత్తా, ఈ పుదీనా యాడిది?" అన్నాను.

అత్త మురిసిపోయింది. "మన తొట్టిదే అల్లుడా! ఒక్క పురుగు లేదు. నువ్వే కదా బాగుచేసింది! రెండుసార్లు కడిగి రుబ్బినా."

పెళ్లయ్యాక నన్ను మొదటిసారి 'నువ్వు' అంది. అంత ప్రేమ పుట్టుకొచ్చిన క్షణంలో పొగాకు అనే మాట ఎట్లా అనను? ఇక్కడే నా పిరికితనం పూర్తిగా బయటపడింది. నిజం చెప్పకుండా తిరుగుడు దారి పట్టాను.

"రమేశ్ గారూ, పచ్చడి వద్దులెండి. వేడి చేస్తుంది."

చిన్నప్పయ్య ముద్ద ఆపాడు. "పుదీనా చలవ కదప్పా! నువ్వు సైన్సు సారు అంటిరే?"

"ఈ రకం... కొంచెం వేడి."

"పెట్టమ్మా, పెట్టు. వేడో చలవో, ఏందో మజా ఉండాది ఈ పచ్చట్లో. ఇట్లాంటిది నేను యాడా తినలే!"

మీకు అర్థమైంది కదా, ఆయన నాలుకకు పాత స్నేహితుడు తగిలాడు. తండ్రి మెచ్చుకున్నాడని రమేశ్ మూడుసార్లు వేయించుకున్నాడు. నేను లేచి వంటింట్లోకి పరుగెత్తి పద్మ చెవిలో నిజం కక్కాను.

పద్మ గరిటె కిందపెట్టి నన్ను చూసింది. "పొగాకా? తినే ఆకు మీద?"

"పురుగులు పోవాలని..."

"పురుగులు పోయినాయి. ఇంగ మనుషులు పోవాల్నా? ఈడే నిలబడు. బయటికొస్తే నేనే చంపుతా." మజ్జిగ కుండ ఎత్తుకుని వెళ్లి, పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని చెప్పి అందరి ఆకుల్లోంచీ తీసేయించింది. ఆ తెలివి నా డిగ్రీలో ఒక్క కాగితానికీ లేదు.

కానీ రమేశ్‌కు అప్పటికే ఆలస్యమైంది. చెమటలు పట్టాయి, నోట్లో నీళ్లూరాయి, ఎక్కిళ్లు మొదలయ్యాయి. మామూలు ఎక్కిళ్లు కావు, ఒక్కో ఎక్కిలికి తల ముందుకు ఊగేది. పక్కన కూర్చున్న ఇద్దరు బంధువులు కూడా అందుకున్నారు. పెళ్లిచూపులు కాస్తా కప్పల కచేరీ అయింది. సరిగ్గా అప్పుడే సుజాత కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

వాళ్లతో వచ్చిన రమేశ్ మేనత్త అడిగింది. "ఏం రమేశా, పిల్ల నచ్చినాదా?"

రమేశ్ ఏదో చెప్పబోయాడు. "హిక్" అన్నాడు. తల ఊగింది.

"నచ్చినాదంట!" అంది మేనత్త.

రమేశ్ చేయి ఎత్తి ఆగమన్నాడు. "హిక్". తల ఇంకా గట్టిగా ఊగింది.

"చూడండమ్మా, ఎంత తొందరో!" అని చిన్నప్పయ్య పెద్దగా నవ్వి తాంబూలం పళ్లెం అందుకున్నాడు.

మజ్జిగ తాగి తాగి రమేశ్ తేరుకోవడానికి గంట పట్టింది. అప్పటికి ముహూర్తం మాటలు నడుస్తున్నాయి. వాళ్లను బస్సెక్కించాక నేను అత్త ముందు నిలబడి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పుదీనా అంతా మొదలంటా కోసి పారేసింది. కొన్నాళ్లకు కొత్త చిగుళ్లు వచ్చి, వాటి మీద అక్షింతల పురుగులు కనబడినప్పుడు పెనుకొండకు కబురు పంపింది. "పురుగులు వచ్చినాయి. అల్లుణ్ని రావద్దని చెప్పండి."

సుజాతకు, రమేశ్‌కు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకసారి ధైర్యం చేసి తోడల్లుణ్ని అడిగాను. "ఆ రోజు ఎక్కిళ్ల మధ్య ఏం చెప్పబోయినావప్పా?"

రమేశ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పిల్లతో రోంత మాట్లాడాల, ఒక మాట అడిగేదుండాది అనబోయినా."

"ఏం మాట?"

"నాకు వంట రాదు, నీకొస్తాదా అని."

"మరి తర్వాత అడగలేదా?"

"యాడ! పెళ్లయిన మర్నాడు ఆమెనే అడిగె, నాకు వంట రాదు, నీకొస్తాదా అని. ఆరోజు నుంచి నేనే చేస్తాండా."

కాబట్టి ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఆకు మీద ఏ పురుగు కనబడినా, అది ఏం తింటుందో కళ్లారా చూసేంత వరకు దానిమీద చేయి చేసుకోను. నోట్లోకి పోయే ఆకు మీద నీళ్లు తప్ప ఇంకేదీ చల్లను. మా తోడల్లుడు తిరగమోత వేస్తున్నంత సేపు ఆ వంటింటి వైపు తలెత్తి చూడను. ఈ మూడిట్లో ఏది తప్పినా, నా పళ్లెంలో ఆ పాత పచ్చడే వడ్డించండి.