పిండిబస్తా వాళ్ళ ఇష్‌బెల్

డునారిక్ కోటకు మళ్ళీ పైకప్పు వేస్తున్నారని లోయంతా సంబరపడింది, ఒక్క ఇష్‌బెల్ మకెల్వర్ తప్ప. హోటల్లో పక్కదుప్పట్లు మార్చి బతికిన ఆ మనిషికి నాలుగు గొర్రెలూ, పదునైన నోరూ తప్ప ఆస్తి లేదు. కానీ ఆవిడ ఇంటి గోడలోని చలిపొయ్యి మీది అడ్డరాయి కోటది. దాని మీద దొరల వంశపు గుర్తు, కత్తి పట్టిన చెయ్యి, చెక్కి ఉంది.

గొర్రెల మందల మేత కోసం పాతకాలపు దొర జనాన్ని వెళ్ళగొట్టి పైలోయ ఇళ్ళు తగలబెట్టించాడు. ఎవరి పొయ్యిలో నిప్పు వాళ్ళ పాలు పోయించే ఆర్పించాడు. తర్వాత ఆ దొరలూ చితికిపోయారు, కోట కూలింది, ఊరివాళ్ళు తలో రాయీ మోసుకుపోయారు. పైలోయలో ఇల్లు పోగొట్టుకున్న ఇష్‌బెల్ ముత్తాత ఈ రాయి తెచ్చుకున్నాడు.

ఇప్పటి దొర రానల్డ్ మకెల్వర్ లండన్ నుంచి దిగి, ఆ రాయి కోసం వచ్చాడు. వెంట ఇష్‌బెల్ మేనల్లుడు టోర్క్విల్. కోటలో తాపీపని అతనిదే.

"మనం మకెల్వర్లం, ఒకే రక్తం కదండీ," అన్నాడు దొర.

"ఏం రక్తం బాబూ? బలగం పెద్దదిగా కనబడాలని మీ తాతలు బస్తా పిండి పడేసి మాకు మీ పేరు తగిలించారు. ఊళ్ళో ఇప్పటికీ మమ్మల్ని పిండిబస్తా వాళ్ళనే అంటారు. అడుగు."

"అవన్నీ ఇప్పుడెందుకు? రాయి మాత్రం మాదేగా."

"తీసుకో. కానీ ముందు పైలోయ తగలబెట్టింది మీవాళ్ళేనని కోట గుమ్మం దగ్గర పలక మీద చెక్కించు."

"కోట చూడ్డానికి సెలవులకొచ్చే జనం అలాంటివి చదవరండీ."

ఆ లోయలో పగవాడికైనా టీ ఇవ్వకుండా పంపరు. దొరకు ఇష్‌బెల్ ఇవ్వలేదు. "సోమవారం మనుషుల్ని పంపుతాను," అని అతను విసురుగా వెళ్ళిపోయాడు.

టోర్క్విల్ వెనక ఉండిపోయాడు. "ఇచ్చెయ్ అత్తా. లేకపోతే నన్ను పనిలోంచి తీసేస్తాడు."

"తియ్యడులే. నీలాంటి పనివాడు వాడికెక్కడ దొరుకుతాడు?"

సోమవారం పొద్దున్నే ఇష్‌బెల్ సమ్మెట తీసుకుని, ఆ రాయిని మూడు ముక్కలు చేసింది. మనుషులు ఉత్తచేతులతో వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా టోర్క్విల్ పని పోయింది. ఆవిడకు ప్రాణమంతా ఆ పిల్లాడే. కానీ సమ్మెట ఎత్తినప్పుడు అతను గుర్తుకే రాలేదు.

అతను పనిముట్ల సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు.

"వాళ్ళు మన ముత్తాత కూడు తీశారు. నువ్వు నా కూడు తీశావు. దొరలకీ నీకూ తేడా ఏంటత్తా?"

ఇష్‌బెల్ బతికినన్నాళ్ళూ టోర్క్విల్ మళ్ళీ ఆ లోయలో అడుగు పెట్టలేదు.