సగటులో కనిపించని కుదుపు

2023 వేసవి. ఏలూరు పవర్‌పేటలో కంప్యూటర్లు అమర్చి ఇచ్చే మా షాపుకు అప్పటికి పదకొండేళ్లు. అంతకుముందు తాడేపల్లిగూడెంలో మాకు రైస్‌మిల్లు ఉండేది. మిల్లు చేతులు మారినా మా ఇంటి పద్ధతి ఒకటి నాతోనే వచ్చింది: అన్న మాట వెనక్కి తీసుకోం. షాపు నడపడానికి అది మంచి పద్ధతే అనుకునేవాణ్ణి.

ఒకరోజు పెదపాడు నుంచి సత్తిబాబు గారు వచ్చారు. కొల్లేరు చెరువుల చేపను ఐసులో వేసుకుని కలకత్తా దాకా పాతికేళ్లు లారీ తోలిన మనిషి. రెండేళ్ల కిందట ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. లారీ తోలే గేమ్ ఒకటి కొత్తగా వచ్చిందని, స్టీరింగు పెట్టుకుని, పెడళ్లు ఎడమకాలితోనే నొక్కుతూ ఆడొచ్చని ఎవరో చెప్పారట.

"మళ్లీ స్టీరింగు ముందు కూర్చోవాలని ఉందండి. అంతే," అన్నారు.

గేములకు ముఖ్యం గ్రాఫిక్స్ కార్డు. అది తెరమీద బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో ఆ లెక్కను ఫ్రేమ్ రేట్ అంటాం. అరవై దాటితే సాఫీగా ఉంటుందని మా వ్యాపారంలో ఒక నమ్మకం. ఆయన పెట్టగలిగిన డబ్బుకు సరిపడే కార్డు ఒకటి ఎంచి, నెట్‌లో దానిమీద నాలుగు రివ్యూలు చూశాను. అన్నిట్లోనూ ఆ కార్డు మీద ఈ గేమ్‌కు డెబ్బై పైనే చూపించారు. దానితోనే కంప్యూటర్ అమర్చాను.

"తీసుకెళ్లండి. ఎక్కడా ఆగదు, పూచీ నాది," అన్నాను.

వారానికి ఫోన్ చేశారు. గేమ్‌లో హైవే మీద బాగానే ఉందట. ఊళ్లోకి వచ్చి మలుపు తిప్పగానే బొమ్మ ఒక్క క్షణం ఆగి, ముందుకు దూకుతోందట. "రివ్యూలన్నీ డెబ్బై అంటున్నాయండీ. మీ ఇంట్లో కరెంటు చూపించుకోండి," అన్నాను. మళ్లీ చేశారు. "అలవాటు లేక అలా అనిపిస్తుంది," అన్నాను. పాతికేళ్లు స్టీరింగు పట్టిన మనిషితో ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

మూడోసారి ఆయన భార్య మంగ గారు చేశారు.

"బాబుగారూ, ఈయన తోలిన అసలు లారీ కూడా ఇన్నిసార్లు ఆగలేదండీ. ఆ మలుపు దగ్గరికి రాగానే లేచి వెళ్లిపోతున్నారు. మూడు రోజులనించి దానిమీద దుప్పటి కప్పేసి ఉంచారు. ఓసారి వచ్చి చూడండి."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కరెంటు స్థిరంగానే ఉంది. కార్డు వేడెక్కలేదు. "మీరు నడపండి, నేను అంకెలు చూస్తాను," అన్నాను. సత్తిబాబు గారు కదల్లేదు.

"ఈ గేము మీరెప్పుడైనా నడిపి చూశారాండీ?"

"రివ్యూల్లో..."

"అది కాదండి. మీరు."

"లేదు."

"మా లైన్లో, తను వెళ్లని రోడ్డుని బాగుందని చెప్పినోణ్ణి మళ్లీ పక్క సీట్లో కూర్చోబెట్టుకోమండి." ఆ గొంతులో కోపం లేదు. కుడి మోకాలు తడుముకుంటూ అన్నారు: "కాలు పోయిన రోజూ ఇంతేనండి. మలుపులో రెప్పపాటు. ఇది ఆగినప్పుడల్లా లేని కాలు బ్రేకు కోసం వెతుకుద్ది."

నేనే కుర్చీలో కూర్చున్నాను. తోలడం రాక రెండుసార్లు గోడకు కొట్టాను. మంగ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మూడోసారి ఆ మలుపు తిప్పాను. బొమ్మ ఆగింది. నా చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. తెర మూలన సగటు ఫ్రేమ్ రేట్ మాత్రం డెబ్బై రెండు దగ్గరే ఉంది. ఒక్క క్షణం ఆగిన సంగతి సగటులో కనిపించదు.

ఫోన్‌లో ఆ రివ్యూలు మళ్లీ తీసి చూశాను. రివ్యూ చేసినవాళ్లు ఖాళీ హైవే మీద, ఊళ్లోని బళ్లు, జనం లెక్కలు చూసుకునే ప్రాసెసర్ అన్నిటికన్నా ఖరీదైనది పెట్టి కొలిచారు. గేమ్ తయారుచేసినవాళ్లు ఊళ్ల భాగాన్ని సరిచూడకుండానే అమ్మకానికి పెట్టేశారు. ఆ ఇద్దరి మాటనూ నా మాటగా చేసి అమ్మింది నేను.

"తప్పు నాదండీ. కార్డు వెనక్కి తీసుకుంటాను," అన్నాను. మా ఇంట్లో ఎవరూ అలా అనగా నేను వినలేదు.

"తీసుకెళ్లి ఇంకోడికి అంటగడతారా ఏంటి?" అన్నారాయన. "ముందు దారేదైనా ఉందేమో చూడండి."

మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చున్నాం. బొమ్మల నాణ్యత తగ్గించి, ఫ్రేమ్ రేట్ నలభై దాటకుండా కట్టేశాను. రివ్యూలు వెక్కిరించే అంకె అది. కానీ బొమ్మ ఒకే తీరుగా నడిచింది. సత్తిబాబు గారు ఆ మలుపు నాలుగుసార్లు తిప్పారు. నాలుగోసారి తిప్పాక, భుజాలు దించి, "ఇప్పుడు బండిలా ఉందండి," అన్నారు. ఒక్క రేవు పట్నంలో మాత్రం ఎంత చేసినా కుదుపు పోలేదు. అది గేమ్‌లోనే ఉన్న లోపం. అదే చెప్పాను.

"ఆ ఊరికి లోడు ఎత్తన్లెండి. నిజం లారీకీ అలాంటి ఊళ్లు రెండుండేవి," అన్నారు.

కొన్న మనిషి దానితో ఏం చేయబోతున్నాడో అక్కడే కొలవాలని, కొలవనిదానికి పూచీ పడకూడదని ఆ రోజు తెలిసింది. తెలియడం తేలికే. ఆ వారమే కామవరపుకోట నుంచి ఒకాయన వచ్చి, కొత్త గేమ్ ఒకటి చెప్పి, "మీరిచ్చే కార్డు మీద ఇది ఆడుద్దాండీ?" అని అడిగారు.

"నాకు తెలియదండీ. వేసి చూసి రేపు చెబుతాను," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, రోడ్డు దాటి ఎదుటి షాపులోకి వెళ్లారు. వెనక్కి పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు. ఆ గేమ్‌ను డౌన్‌లోడ్‌కు పెట్టి కూర్చున్నాను.