మూసిన లాప్‌టాప్

హింస ఆవేశం చేసే పని అనీ, ఆవేశం దిగగానే మనిషి తిరిగి తానవుతాడనీ మనం నమ్ముతాం. కొట్టినవాడిని ఆ క్షణం నుంచి విడదీసి క్షమించడానికి ఈ నమ్మకం బాగా పనికొస్తుంది. దుర్గయ్య విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉంది.

దుర్గయ్య అశోక్‌నగర్‌లోని ఒక హాస్టల్ వెనక గదిలో ఆరేళ్లుగా ఉంటున్నాడు. ఆ ఆరేళ్లలో అతను గొంతు పెంచగా విన్నవారు లేరు. బకెట్ నీళ్ల దగ్గర తగాదా వచ్చినా, ప్లగ్గు దగ్గర కొట్లాట వచ్చినా పిల్లలు అతని దగ్గరికే వచ్చేవారు. ఈ శాంతం పుట్టుకతో వచ్చింది కాదు. అతని తండ్రి రాములు ఎడ్లను తోలే ముల్లుకర్రతోనే ఇంటిని కూడా తోలాడు. తల్లి భూదేవి పై పళ్లు రెండు ఊడి నేల మీద పడిన రోజున, ఆమె వాటిని ఏరుకొని కొంగున కట్టుకోవడం పదేళ్ల దుర్గయ్య తలుపు చాటు నుంచి చూశాడు. తన చెయ్యి ఎవరి మీదా లేవకూడదని అప్పుడే అనుకున్నాడు. అనుకున్నది ఇరవై నాలుగేళ్లు నిలబెట్టుకున్నాడు. దాన్ని సుగుణమనాలో, భయమనాలో చెప్పడం కష్టం.

రెండేళ్ల కిందట చిక్కడపల్లిలోని ఒక నెట్ సెంటర్లో ఎవరో అతని సర్కారు ఉద్యోగ దరఖాస్తు నింపుతూ స్థానిక జిల్లా తప్పుగా నొక్కారు. పరీక్షలో మార్కులు వచ్చాయి, స్థానికుల కోటా పోయి ఉద్యోగం రాలేదు. తన దరఖాస్తు మీద ఇక పరాయి చెయ్యి పడనివ్వకూడదని, నారాయణగూడలో మూతపడిన ఒక ఆఫీసు నుంచి పాత డెస్క్‌టాప్ తెచ్చుకున్నాడు. యంత్రం గట్టిదే కానీ దానికి వైఫై అందుకునే భాగం లేదు. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ నిలవదు. చదువు విరమించి ఊరికి పోతూ ఉదయ్ కుమార్ అనే మిత్రుడు వదిలిపెట్టిన లాప్‌టాప్ ఒకటి ఉండేది. ఒక్క పేజీ తెరవడానికి పది నిమిషాలు తీసుకునే ముసలి యంత్రం అది. అయినా వైఫైని మాత్రం పట్టుకోగలదు. దుర్గయ్య దాన్ని కిటికీ అరుగు మీద పెట్టి, అక్కడి నుంచి డెస్క్‌టాప్‌కు పొడుగాటి లాన్ కేబుల్ లాగి, వచ్చే నెట్‌ను పంచేలా సెట్టింగులు మార్చుకున్నాడు. కాసేపటికి లాప్‌టాప్ తెర నల్లబడేది. లోపల పని సాగుతూనే ఉండేది. మూత వేస్తే మాత్రం అది నిద్రపోతుంది, నెట్ తెగిపోతుంది. ఈ సంగతి అతను గదిలో ఎవరికీ చెప్పలేదు. తన వస్తువు జోలికి ఎవరూ రారనుకున్నాడు.

మూడు వారాల కిందట వనపర్తి నుంచి జగదీశ్వర్ అనే కుర్రవాడు ఆ గదిలో చేరాడు. తెరిచి వదిలిన పుస్తకాన్ని దయ్యాలు చదివేస్తాయని, చదివినది మనకు మిగలదని చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ చెప్పింది. నమ్మకం పోయినా అలవాటు పోలేదు. ఎవరి పుస్తకం తెరిచి కనిపించినా మూసి, కళ్లకద్దుకొని పెట్టేవాడు.

అది దరఖాస్తులకు చివరి రోజు. గడువు సాయంత్రం అయిదు గంటలు. వయసు ప్రకారం దుర్గయ్యకు ఇదే ఆఖరి అవకాశం. మండలం నుంచి రావలసిన ధ్రువపత్రం ముందురోజే చేతికందింది. మధ్యాహ్నం నుంచి సైటు అతన్ని తోసేస్తూనే ఉంది. నాలుగున్నరకు చివరి పేజీ కనికరించింది. ఫొటో ఎక్కింది. సంతకం ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. నెట్ లేదని తెర మీద అక్షరాలు పడ్డాయి.

దుర్గయ్య వెనక్కి తిరిగాడు. లైబ్రరీ నుంచి అప్పుడే వచ్చిన జగదీశ్వర్ మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. కిటికీ అరుగు మీద లాప్‌టాప్ మూసి ఉంది.

"ఎవడు మూసిండు?"

"నేనే అన్న. ఊకె తెరిచి పెట్టినవ్ గద. తెర గూడ నల్లగనే ఉండె."

మొదటి గుద్దు నోటి మీద పడింది. జగదీశ్వర్ లేవబోయాడు. దుర్గయ్య అతని మెడ పట్టి ఇనుప మంచం కోడుకేసి కొట్టాడు. ఎముక ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆగలేదు. మళ్లీ కొట్టాడు. కిందపడ్డవాణ్ని పక్కటెముకల్లో తన్నాడు. కుర్రవాడు మోకాళ్లు ముడుచుకొని "అన్నా, అన్నా" అంటూనే ఉన్నాడు. తన్నే కాలు ఆ పిలుపు లయకే లేచి పడుతున్నట్టుంది.

హాస్టల్ మేనేజర్ రాజశేఖర్ పరుగెత్తుకొచ్చాడు. దుర్గయ్యను వెనక నుంచి లాగి గోడకేసి అదిమి, చెంప మీద రెండు పీకాడు.

"పిచ్చి లేసిందా బే? సంపుతవా వాన్ని?"

దుర్గయ్య ఎదురు తిరగలేదు. ఊపిరి నిదానించింది. జగదీశ్వర్ నెత్తి పగిలి, రక్తం చెవి మీదుగా చాప మీదికి దిగుతోంది.

"ఆటో పిలుస్తున్న. ఆ దిక్కు నువ్వు పట్టు" అన్నాడు రాజశేఖర్. "అందరు లైబ్రరీల సచ్చిన్రు. ఒక్కనితోని కాదు."

దుర్గయ్య గోడ గడియారం చూశాడు. నాలుగూ నలభై. కిటికీ దగ్గరికి వెళ్లి లాప్‌టాప్ మూత తెరిచాడు.

"పది నిమిషాలాగు అన్న. అయిదింటికి బంద్ అయితది."

"ఏందీ? మనిషి పోయేటట్టున్నడు రా!"

"పోడు. నెత్తి పగిలితే రక్తం గట్లనే వస్తది."

అంతగా రక్తం చూసిన ఇంట్లో పెరిగినవాడు చెప్పిన మాట అది. గొంతులో కోపం లేదు.

"నీది మనిషి పుట్టుక గాదు" అన్నాడు రాజశేఖర్. కుర్రవాణ్ని ఒక్కడే లేపబోయాడు. చేతకాలేదు.

"కండ్లు తిరుగుతున్నయ్ అన్న" అన్నాడు జగదీశ్వర్.

"నెత్తికి తువ్వాల గట్టిగ ఒత్తు" అన్నాడు దుర్గయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

సంతకం ఎక్కించాడు. ధ్రువపత్రం ఎక్కించాడు. స్థానిక జిల్లా దగ్గర ఆగి రెండుసార్లు చదివి సరిచూసుకున్నాడు. సబ్మిట్ నొక్కాడు. దరఖాస్తు అందినట్టు నంబరు వచ్చాక దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. అప్పటికి నాలుగూ యాభై మూడు. లేచి, జగదీశ్వర్ చంకల కింద చేతులు వేసి లేపాడు.

నారాయణగూడలోని చిన్న ఆసుపత్రిలో తొమ్మిది కుట్లు పడ్డాయి. డాక్టరు మనోరమ రిజిస్టరు ముందు పెట్టుకొని, దెబ్బ ఎలా తగిలిందని అడిగింది. కొట్లాట అని రాస్తే పోలీసులకు కబురు వెళ్తుంది. కేసున్నవాడికి సర్కారు ఉద్యోగం రాదని ఆ గదుల్లో అందరికీ తెలుసు. జగదీశ్వర్ వాచిన పెదవులతో దుర్గయ్య వైపు చూశాడు. ఏం చెప్పాలో నువ్వే చెప్పు అన్నట్టుంది ఆ చూపు.

"బాత్రూంల జారి పడ్డడు మేడం" అన్నాడు దుర్గయ్య. ఆమె అలాగే రాసుకుంది.