వాన తగ్గాక వేసే విత్తనాలు

ఈ ఉదయం ఆరూ పదికి తుష్నాబాద్ బస్సు మా షాదీపూర్ సందు చివర ఆగింది. ఆకుకూరలు తెచ్చే ఆవిడ దిగి వచ్చి, గొడుగు పట్టుకుని వంగి తడి మట్టిలో వేలితో గుంటలు చేస్తున్న నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. "ఏటి దీదీ, ఈ బారిష్‌లో గింజలేస్తన్నారేటి? మొన్న ఏసినవి ఏవి?" అంది. కొట్టుకుపోయాయన్నాను. "మరి నాను చెప్పిన మాటో?" అంది. రెండు కట్టల తోటకూర తీసుకున్నాను.

ఆ మాట పాతికేళ్ళ నాటిది. మావారు విజయనగరం నుంచి ఈ దీవిలో ఆఫీసుకు వచ్చిన కొత్తలో, గేటు నుంచి గుమ్మం దాకా దారికి రెండు వైపులా పూల వరసలు ఉండాలన్నారు. వెనక ఎత్తుగా కాస్మోస్, మధ్యలో జీనియా, ముందు నేలబారుగా టేబుల్ రోజ్. ఆఫీసు కాగితం వెనక బొమ్మ గీసి, ఏ రంగు పక్కన ఏ రంగో కూడా రాసుకున్నారు. పసుపు పక్కన గులాబీ రంగు ఆయనకు గిట్టదు. ఊళ్ళో వాళ్ళమ్మ దసరాకి విత్తనాలు వేసేదని ఈయనా దసరాకే వేశారు. ఇక్కడ డిసెంబరు దాకా వాన వదలదు. మూడేళ్ళు విత్తనాలు కుళ్ళాయి. మొలిచిన నాలుగూ నత్తలు తిన్నాయి. "భయ్యా, కేలండర్ మెయిన్‌లాండ్‌ది, మట్టి ఇక్కడిది. వాన బంద్ అయ్యాక ఎయ్యండి," అని ఆవిడ నవ్వితే, ఆయన రెండు రోజులు ఆమె దగ్గర కూర కొననివ్వలేదు. నాలుగో ఏడు మాత్రం జనవరిలో వేశారు. మార్చికి దారి కనిపించనంతగా పూశాయి. అప్పటి నుంచి ఆ నియమానికి కాపలా నేనే.

కిందటేడు అక్టోబరులో ఆయన జబ్బు బయటపడింది. ఫిబ్రవరిలో చెన్నైలో ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. "ఈసారి ముందే వేద్దామే. రేకు కింద ట్రేల్లో నారు పోద్దాం. ఒకసారి చూసి వెళ్తాను," అన్నారాయన.

"వచ్చి చూద్దురుగాని. ఆ మూడేళ్ళు కుళ్ళినవి చాలవా?"

"ఆకుకూరల ఆవిడకి మంచి శిష్యురాలివి దొరికావు," అని, కడిగి ఆరబెట్టిన ట్రేలు మళ్ళీ మెట్ల కింద పెట్టేశారు.

ఎవరిని అడిగినా నేనన్నదే సరైనదంటారు. కానీ నేను వానకు భయపడి కాదనలేదు. 'ముందే' అన్న మాటకు ఒప్పుకుంటే తక్కినదానికీ ఒప్పుకున్నట్టవుతుందని కాదన్నాను.

ఈ ఏడు జనవరి సగమయ్యాక గానీ నేల ఆరలేదు. ఓడ ఎక్కే రోజుకి మొక్కలు జానెడెత్తు. ఆయన వంగి ఒక్కొక్కటీ చూసి, "మొగ్గ లేదు," అన్నారు. మార్చిలో ఆకుకూరల ఆవిడ ఫోనుకు ఫోటో పంపింది. రెండు వరసలూ పూశాయి. ఎక్కడా పసుపు పక్కన గులాబీ లేదు. ఆ రోజు చెన్నైలో ఆయనకు పన్నెండో రోజు కర్మ.

ఈ ఉదయం వేసినవీ కుళ్ళుతాయి, నాకు తెలుసు. ఆదివారం మళ్ళీ వేస్తాను. దేనికైనా సమయం రావాలని బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని. ఈ ఇంట్లో ఇప్పుడు వాన తగ్గేదాకా ఆగడమంటూ లేదు.