పూజారి ఇంట్లో కొత్తావకాయ

ఒకే ఒక్క ఆవకాయ జాడీతో స్నేహితుడి పెళ్లి సంబంధాన్నీ, ఒక ఊరి పూజారి నియమాన్నీ ఒకే మధ్యాహ్నం మట్టిలో కలపబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే భోపాలపట్నం రండి. రిటైరైన లెక్కల మాస్టారు రాజేశం ఇల్లేదని ఎవరినడిగినా చూపిస్తారు. ఆ ఘనుణ్ని నేనే.

పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంతవరకు ఒక్క రోజు కూడా మానలేదు. మామూలు మనుషులు డైరీలో మనసు రాసుకుంటారు. నేను సమయం, స్థలం, సాక్షులు రాసుకునేవాణ్ని. పోలీసు పంచనామాకీ నా డైరీకీ తేడా ఒక్కటే, దానికి ముద్ర ఉంటుంది.

జగదల్‌పూర్‌లో కాలేజీ చదివినప్పుడు హాస్టల్లో నా గదిలో పడ్డవాడు సింగయ్య. పాపం, పడ్డవాడు అనడమే సరైన మాట. వాళ్లది కోంటా వైపు దొర్ల అనే గిరిజన తెగకు చెందిన రైతు కుటుంబం. మాది బట్టల కొట్టు. గదిలో అడుగుపెట్టిన రోజే నేను గోడకు అంటించిన టైంటేబుల్‌ను చూశాడు. అందులో సాయంత్రం ఐదున్నర నుంచి ఐదుముప్పావు దాకా 'కబుర్లు' అని ఉంది.

"గీ పావుగంట దాటినంక మాట్లాడితే ఏమైతది?" అన్నాడు.

"మర్నాటి పావుగంటలోంచి తీసేస్తాను."

వాడు నన్ను జాలిగా చూశాడు. ఆ చూపే ఇప్పటికీ చూస్తున్నాడు. మొదటి ఏడాదే నాకు మలేరియా వచ్చింది. దుప్పట్లో నేను ముసలి బస్సులా వణికిపోతుంటే, వాడు జావ కాచి తాగించాడు. నేను జ్వరం ఎంతుందో చెబుతుంటే నా డైరీలో వాడే రాశాడు. ఒక్క పూట కూడా విసుక్కోలేదు. అలాంటివాడికి నేను చేసిన ఉపకారం ఏమిటో ఇక వినండి.

సింగయ్యకు జోగమ్మ అంటే ప్రాణం. కోంటా సంతలో చూశాడు, పలకరించాడు, అంతే. ఆ పిల్ల తప్ప వేరే పిల్ల వద్దని ఇంట్లో రెండేళ్లు మొండికేశాడు. చివరికి వాళ్ల పెదనాయన సరేనని, జోగమ్మ ఇంటికి మాట్లాడటానికి బయలుదేరాడు. జోగమ్మ తండ్రి భీమయ్య ఆ ఊరి పూజారి. మాట మీద నిలబడే మనిషి, నియమం తప్పని మనిషి. ఆయన ఔనంటే పెళ్లి, కాదంటే సింగయ్య బతుకు ఎండిన చెరువు.

"నువ్వు కూడా రా. నాకు ధైర్యంగుంటది," అన్నాడు సింగయ్య. ధైర్యం కోసం నన్ను పిలిచిన మనిషి ఈ భూమ్మీద వాడొక్కడే.

మా వైపు రైతుల ఇళ్లలో ఒక కట్టుబాటుంది. కొత్త మామిడికాయను ముందు ఊరి తల్లికి పెట్టి పండుగ చేసుకోవాలి. ఆ తర్వాతే ఎవరైనా నోట పెట్టాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలియడమే కాదు, వారం ముందు సింగయ్యను అడిగి మరీ రాసుకున్నాను. 'మామిడి పండుగ పూర్తయింది. ఇక ఎక్కడైనా తినవచ్చు.' ఇందులో మొదటి వాక్యం సింగయ్యది. రెండోది నాది. ఒక్కో ఊరు తన పండుగ రోజును తానే పెట్టుకుంటుందని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. పాఠంలో లేని ప్రశ్న నేను అడగను.

మా అమ్మ సింగయ్య కోసం నాతో కొత్తావకాయ పంపింది. దాన్నే పిల్ల ఇంటివారికి కానుకగా ఇవ్వాలని నేను నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. బస్సులో చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు దిగాక ఆరు మైళ్లు నడక. జాడీ నన్ను మోసిందా, నేను జాడీని మోశానా అన్నది డైరీలో కూడా తేలలేదు. సింగయ్య చూసి నవ్వి ఊరుకున్నాడు. మా ఇంటి నుంచి ఏడాదంతా వచ్చే పచ్చడే అనుకున్నాడు.

భీమయ్య మామ బాగానే ఆదరించాడు. తమ దొర్లి భాషలో మాట్లాడుకుంటున్నవాళ్లు నన్ను చూసి తెలుగులోకి మారారు. విస్తరాకుల్లో అన్నం, పప్పు పెట్టారు. నేను లేచి, జాడీకి కట్టిన గుడ్డ ముడి విప్పి, అందరికంటే ముందు పూజారి విస్తరిలో పెద్ద ముక్క వేశాను. ఆయన కొరికాడు. కళ్లు మూసుకున్నాడు.

"మంచిగుంది బిడ్డా. నిరుటి కాయ ఇంత కరకర ఉండుడు నేనెన్నడు సూడలె."

ఇక్కడ ఏ తెలివైనవాడైనా 'మీ దయ మామా' అని కూర్చుంటాడు. కానీ తేదీ తప్పు చెబితే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

"నిరుటిది కాదు మామా," అన్నాను.

సింగయ్య చేయి అన్నంలో ఆగిపోయింది. వాళ్ల పెదనాయన దగ్గాడు. ఆ దగ్గును నేను దగ్గనే అనుకున్నాను.

జేబులోంచి డైరీ తీసి చదివాను. "మంగళవారం పొద్దున మా పెరటి చెట్టు తూర్పు కొమ్మ కాయలు కోశాం. ముక్కలు కొట్టింది మా నాన్న. కలిపింది మా అమ్మ. ఇవాళ్టికి పన్నెండో రోజు."

భీమయ్య మామ మొహంలో రంగు దిగిపోయింది. "ఏమంటివి?"

వినపడలేదేమోనని గొంతు పెంచాను. "పన్నెండో రోజు మామా. రేపటికి పదమూడు."

ఆయన లేచి, బయటికి వెళ్లి నోరు కడుక్కుని, అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు.

"మా ఊర్ల పండుగ ఇంక నాలుగు రోజులుంది," అన్నాడు మెల్లగా. "నేను పూజారిని. నేను తల్లికి పెట్టకముందే నా నోట్లె పెట్టుకుంటి."

పెదనాయన సింగయ్య వైపు తిరిగాడు. "ఈ పిలగాన్ని ఎందుకు తెస్తివిరా?"

"ధైర్యంగుంటదని," అన్నాడు సింగయ్య. వాడి గొంతులో ఆ పదార్థం చుక్క కూడా మిగల్లేదు.

భీమయ్య మామ తల ఎత్తాడు. "తెల్వక తింటిని. తల్లికి చెప్పుకుంట, కోడినిచ్చుకుంట. తెచ్చిన పిలగాడు పండుగ దాంక ఊరు దాటొద్దు. తల్లి ముందల నిలబడాలె. మీరు పోండి. పిల్ల ముచ్చట ఇప్పుడు మాట్లాడ."

"మల్ల ఎప్పుడు మామా?" అన్నాడు సింగయ్య.

"సూద్దాం."

పెళ్లిమాటల్లో ఆ మాటకు అర్థమేమిటో పెళ్లికాని నాకు కూడా తెలుసు. తలుపు వెనక జోగమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. సింగయ్య మాత్రం కదల్లేదు.

"మామా, నేను గూడ తిన్న," అన్నాడు. "మీ ఊరి పొలిమేరల అడుగు పెట్టినంక, దారిల తిన్న. తప్పు నాది గూడ. ఇద్దరం ఉంటం."

పెదనాయన నోరు తెరిచాడు. పాఠకులారా, అప్పుడు నేను కూడా తెరిచాను.

"అది నిజం కాదు మామా. జాడీ ముడి విప్పింది ఇక్కడే. విప్పింది నేనే. అంతకుముందు ముక్క బయటికొచ్చే అవకాశమే లేదు."

"రాజేశం, నోర్మూసుకో," అన్నాడు సింగయ్య పళ్ల మధ్యనుంచి.

"లేదురా, జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా."

భీమయ్య మామ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పూజారి ముందల అబద్ధమెందుకు ఆడితివి?" అని సింగయ్యను అడిగాడు.

సింగయ్య తల దించుకున్నాడు. "వానికి మా మాట రాదు మామా. అడవిల దారి తెల్వదు. ఊరోళ్లందర్ని పట్టుకొని పేర్లు, వయసులు అడిగి రాసుకుంటడు, ఎవరన్న కొడ్తరు. వాన్ని ఒక్కన్ని ఇడిసిపోతే నాకు బువ్వ దిగదు."

ఆ మాటతో నా డైరీ చేతిలో బరువెక్కింది. రెండేళ్లుగా ఎదురుచూసిన పిల్ల తలుపు వెనకే ఉంది. వాడు మాత్రం నా గురించి మాట్లాడుతున్నాడు. డైరీ మూసి జేబులో పెట్టుకున్నాను.

"ఉండున్రి ఇద్దరు," అని పూజారి లోపలికి వెళ్లిపోయాడు. పెదనాయన ఒక్కడే ఊరికి బయలుదేరాడు, నా వైపు చూడకుండా.

నాలుగు రోజులు నీళ్లు మోశాం, ఇప్పపూలు ఏరాం, కంచె కట్టాం. సింగయ్య కట్టిన కంచె నిలబడింది. నేను కట్టిన కంచెను మేకపిల్ల పలకరించగానే పడుకుంది. జోగమ్మ వడ్డించేది, సింగయ్య తల ఎత్తకుండా తినేవాడు. మూడో రోజు ఆమె "కూర ఎట్లుంది?" అని అడిగింది. "సొరకాయలో ఉప్పు కొంచెం ఎక్కువైంది, ముక్క సరిగా ఉడకలేదు," అని నేను తెలియజేశాను. అడిగింది కదా. సింగయ్య మాత్రం అదే కూర మళ్లీ వేయించుకున్నాడు.

పండుగ రోజు భీమయ్య మామ తల్లి ముందు తన తప్పు చెప్పుకున్నాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. పూజ అయ్యాక కొత్త మామిడి ముక్క తానే నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు తిను," అన్నాడు. నా మీద కోపం పోయిందనుకున్నాను. కానీ సింగయ్య కళ్లు ఆయన మొహాన్నే వెతుకుతున్నాయి.

పెదనాయన కూడా మళ్లీ వచ్చాడు. ఇంటికి చేరాక, అందరి ముందూ భీమయ్య మామ కూతుర్ని పిలిచాడు.

"బిడ్డా, ఈ పిలగాండ్లు నాలుగు రోజులు మనింట్ల ఉన్నరు. ఒకడు నా ముందల్నే అబద్ధమాడిండు. ఒకడు నిజం చెప్పిండు. అబద్ధమాడినోనికే నిన్ను అడుగుతున్నరు. ఏమంటవు?"

సింగయ్య మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను మాత్రం సత్యానికి ఇన్నాళ్లకు గుర్తింపు వచ్చిందని చొక్కా కాలరు సవరించుకున్నాను.

జోగమ్మ తడుముకోలేదు. "అబద్ధమాడినాయనకే ఇయ్యి అయ్యా. దోస్తు కోసం ఆడినోడు రేపు నాకోసం గూడ ఆడ్తడు. ఆ నిజం చెప్పేటాయనతోని కాపురం నావల్ల కాదు. కూర ఎట్లుందని అడిగితే నిజం చెప్తడు."

భీమయ్య మామ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు. పెదనాయన మొదటిసారి నా భుజం తట్టాడు. ఆ వేసవిలోనే పెళ్లయింది.

ఇప్పుడు సింగయ్యకూ నాకూ చెరో నలుగురు మనవలు. నా కోసం అబద్ధాలాడటం వాడింకా మానలేదు. మొన్న మద్దేడ్‌లో ఒక శుభకార్యంలో పదిమంది ముందు, "మా రాజేశం కాలేజీల ఫస్టు వచ్చేటోడు," అన్నాడు. నేను పదకొండో వాణ్ని. సాక్ష్యం కూడా ఉంది. నాలుక రెండుసార్లు లేచింది, రెండుసార్లూ దాన్ని పళ్ల మధ్య పట్టి కూర్చోబెట్టాను.

కనుక నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. నా సింగయ్య నా కోసం అబద్ధమాడుతుంటే ఈ జన్మలో ఇక సరిదిద్దను. ఎవరి ఇంట్లో ఏ కూర పెట్టినా, అది ఉడికినా ఉడకకపోయినా, అద్భుతంగా ఉందని చెప్పి మళ్లీ వేయించుకుంటాను.