రేపల్లె రేవులో రెండు బ్యాటరీలు

తెనాలిలో పొద్దున ఆరున్నరకు రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. సంచిలో టిఫిన్ డబ్బా, నీళ్లసీసా, నాన్నగారి కరెంటు కొలిచే మీటరు. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ బ్యాటరీల పనీ ఇంట్లో నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. ఆ భాగ్యానికి రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

తమ్ముడు శ్రీను రేపల్లె దగ్గర కృష్ణలో చేపలు పడతాడు. పోయినేడు పడవకు కరెంటు మోటారు బిగించాడు. చప్పుడుండదు, చేప బెదరదు. ఈమధ్య అది నడినీళ్లలో ఆగిపోతోంది, తెడ్డేసుకుని రావాల్సి వస్తోంది. విసిగిపోయి మోటారూ రెండు బ్యాటరీలూ అమ్మేస్తానన్నాడు. కొనే ఆయన బాపట్ల నుంచి మధ్యాహ్నం బస్సుకు వస్తాడట. ఆలోపు ఒకసారి చూస్తానన్నాను.

ఎదురు సీట్లో పెద్దాయన నా సంచిలోంచి వేలాడే తీగలు చూశాడు. "ఏంటమ్మా అది, బీపీ మిషనా?"

"బ్యాటరీలకి బీపీ చూసేదండి."

"మా ఇంటావిడకి చూడకూడదూ? పొద్దున్నుంచీ హైలోనే ఉంది."

పక్కనున్న ఆవిడ ఆయన్ని మోచేత్తో పొడిచింది. పెట్టంతా నవ్వింది.

రేపల్లెలో దిగి, షేర్ ఆటోకి ముప్ఫై ఇచ్చి, తొమ్మిదింటికి రేవు చేరాను. మీటరు పెడితే రెండు బ్యాటరీలూ నిండుగా చూపించాయి.

"మరి జబ్బేంటక్కా?" అన్నాడు శ్రీను.

"నిద్రలో అందరూ బాగానే ఉంటార్రా. పని చేయించి చూద్దాం."

పడవ గుంజకు కట్టి మోటారు తిప్పించాను. చాలాసేపటికి రెక్క నెమ్మదించింది. వైర్లు పట్టుకునే క్లాంపులు ఒక్కొక్కటే తాకాను. ఒకటి చుర్రుమంది. అనుమానం ముందు అతుకుల మీదే పెట్టుకోమనేవారు నాన్నగారు. మోటారు ఆపించి క్లాంపు ఊడదీశాను. కింద బ్యాటరీ సీసపు మొలక మీద పసుప్పచ్చటి పెచ్చు! బ్యాటరీ కొన్నరోజున మంచి జరగాలని నేనే పెట్టిన బొట్టు. శ్రీను దానిమీదే క్లాంపు బిగించాడు. మరదలు పద్మ శుక్రవారం శుక్రవారం పైనుంచి తడిపసుపు అద్దింది. అది తుప్పుతో కలిసి కరెంటుకు అడ్డం కూర్చుంది.

"అక్క పెట్టింది ఎట్టా తుడుస్తా?" అన్నాడు శ్రీను.

రుద్దడానికి ఎమరీ కాగితం తీశాను. పద్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు వదినా. ఈయన నీళ్లమీద తిరిగే మనిషి. బొట్టు చెరపొద్దు."

నాకూ చెయ్యాడలేదు. అవతల పన్నెండు కావస్తోంది, బాపట్ల బస్సు వచ్చే వేళ. అప్పుడు తోచింది, దేవుడే తోపించాడు.

"కుంకం భరిణ తే. ముందు బ్యాటరీల పెట్టె మూతమీద పెట్టు. ఆ తర్వాతే ఇక్కడిది తీద్దాం."

పద్మ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. అప్పుడు వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, సీసం మెరిసేదాకా రుద్ది, క్లాంపు బిగించి పైన గ్రీజు రాశాం. మోటారు ఊపందుకుంది. ఎంతసేపు తిప్పినా క్లాంపు చల్లగానే ఉంది.

బాపట్ల ఆయన వచ్చి, పడవలో ఒక చుట్టు తిరిగి ముచ్చటపడ్డాడు. శ్రీను తల గోక్కుంటూ, మోటారు అమ్మనని చెప్పి సంగతి వివరించాడు.

"బొట్టు ఎక్కడ పెట్టాలో తెలీక నన్ను బాపట్ల నుంచి లాక్కొచ్చావటయ్యా!"

"భోంచేద్దురు రండి అన్నయ్యా," అంది పద్మ. చేపల పులుసు రెండోసారి వేయించుకునేసరికి ఆయన కోపం పోయింది.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. రేపల్లెకు ఎన్నిసార్లో వెళ్లాను గానీ, చేసిన తప్పును నా చేత్తోనే దిద్దుకునే వీలు ఈసారే దక్కింది. తెనాలి వస్తుండగా పద్మ ఫోను.

"వదినా, ఆ ఒడ్డుకెళ్లి వచ్చేశారు. తెడ్డు ముట్టుకోలేదంట!"

"మూతమీద బొట్టో?"

"చెక్కు చెదరలేదు."