పొగను వడకట్టిన ఏడాది

మా కల్లానికి ఇంజను వచ్చిన ఏడాది గురించి ఎవరైనా అడిగితే, ఆ ఏడు బెల్లం బాగా కుదిరిందని చెప్పి ఊరుకుంటాను. అది అబద్ధం కాదు. చోడవరం చుట్టుపక్కల ఆ ఏడు మా దిమ్మలంత పసుపుపచ్చగా, గట్టిగా ఎవరివీ లేవు. ఒక్క పెనం తప్ప. ఆ పెనం సంగతి చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నాన్న పోయి మూడేళ్ళయింది. కల్లం అంటే చెరుకు పొలం గట్టున గానుగ, పెద్ద పెనం, పిప్పితో మండే పొయ్యి, ఒక తాటాకు పాక. కోతల కాలంలో ఇంటికి తాళం వేసి అమ్మా, నేనూ, నా భార్యా అక్కడే కాపురం పెట్టేవాళ్ళం. నా భార్య అమ్మకు స్వయానా మేనకోడలు. అందుచేత వాళ్ళిద్దరిదీ ఒక కట్టు, నాది ఒక కట్టు.

పాకం చూడటం అమ్మ వంతు. ఉడుకుతున్న పాకాన్ని ఒక చుక్క చల్లనీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి, అది ఉండ కట్టే తీరు చూసి చెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి లేస్తే పెనం దించాలి. అర నిమిషం ముందైతే దిమ్మ జారిపోతుంది, అర నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. నాన్న దగ్గర నేర్చిన విద్య అది. నాన్న పోయాక పాకం దగ్గరికి ఇంకొకరిని రానిచ్చేది కాదు.

అమ్మకు ఉబ్బసం. లోపలికి పీల్చడం చిటికెలో అయిపోయేది. వదలడమే కష్టం. పెదవులు సున్నాలా చుట్టి, పగిలిన పిల్లనగ్రోవిలా సన్నటి కూతతో వదిలేది. చలికాలం వస్తే ఆ కూత మా పాకలో ఒక మనిషిలా తిరిగేది. పుట్టినప్పటి నుంచీ విన్నాను కనుక నాకు అది జబ్బుగా తోచేది కాదు, అమ్మ అలవాటుగా తోచేది.

అంతవరకూ గానుగను ఎడ్లు తిప్పేవి. ఆ ఏడు నేను పట్టుబట్టి ఒక పాత ఆయిల్ ఇంజను తెచ్చాను. అనకాపల్లి నుంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చి, రాతి దిమ్మ కట్టి, బోల్టులు బిగించి, బెల్టు వేసి నడిపించాడు. మోచేతి లావు పొగగొట్టం ఒకటి ఇంజను కోసం వేసిన చిన్న పాక గోడలోంచి బయటికి పెట్టాడు. వెళ్తూ, "ఏది మార్సాలన్నా నాకు కబురెట్టు బాబూ, నీ సొంతంగా సెయ్యి పెట్టకు" అన్నాడు. నాకు ఒకరి చేత చెప్పించుకోవడం చిన్నప్పటి నుంచీ గిట్టదు. తల ఊపాను గానీ వినలేదు.

చప్పుడు విని రావికమతం వైపు రైతులు కూడా వచ్చి చూసి పోయారు. "సప్పుడు సూసేవా! ఏనుగంత సత్తువుందిరా దీనికి" అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. నేను మీసం దువ్వుకున్నాను. అమ్మ మాత్రం "ఇదేటిరా, పెళ్ళికి డప్పులోళ్ళొచ్చినట్టుంది" అని నవ్వింది. నవ్వు సగంలో దగ్గు వచ్చింది. గొట్టం మూతి పెనం వైపే ఉంది, గాలి తిరిగినప్పుడల్లా నల్లపొగ ఆమె మొహం మీదికే వచ్చేది. పిప్పి పొగ ఎంత తిన్నా ఆమె అంతలా దగ్గిన గుర్తు నాకు లేదు.

ఇంజనును తిప్పి పెట్టలేం, రాతిలో పాతుకుపోయింది. పెనాన్ని కదపలేం. అమ్మ ఇంటికి పోనంది. ఇక కదిలేది గొట్టం ఒక్కటే. వడ్డాది సంతకు వెళ్ళి, దొరికిన సన్నటి నీళ్ళగొట్టాలు బండి మీద వేసుకొచ్చాను. లావు గొట్టానికి సన్నగొట్టం ఎలా అతుకుతుంది? కమ్మరి చేత లావు గొట్టాన్ని మూరెడు ఉంచి కోయించేసి, దాని చివర గరాటులాంటి ముక్క పెట్టించాను. అక్కడి నుంచి సన్నగొట్టం గోడ వెంబడి, మూడు ఎల్బోలతో మూడు మలుపులు తిరిగి, ఆ పాక వెనక నేను తవ్విన గోతిలో దిగింది.

అంతటితో ఆగినా బాగుండేది. చెరుకు రసం గుడ్డలో పోస్తే నలక పైన ఆగిపోయి తేటరసం కిందికి దిగుతుంది. నేను ఎరిగిన శాస్త్రం అది ఒక్కటే. పొగనూ అలాగే వడకడదామనుకున్నాను. గోతి నిండా తడి పిప్పి దట్టించి, గొట్టం మూతికి తడి గోనె చుట్టి, పైన మట్టి కప్పాను. ఇంజను తిప్పితే చప్పుడు పోయి చిన్న గురక మిగిలింది. పొగ జాడే లేదు. ఆ మధ్యాహ్నం అమ్మ గంజి తాగి, పాకలో పడుకుని హాయిగా ఒక కునుకు తీసింది. నాకంటే తెలివైనవాడు ఈ తాలూకాలో లేడనుకున్నాను.

ఇంజను ఉందన్న ధైర్యంతో, ఎడ్లగానుగ నెలంతా ఆడితే గానీ తరగనంత చెరుకు అప్పటికే కొట్టించి కల్లంలో పోయించాను. ఆ చెరుకే మాకు ఏడాది తిండి. కోసిన చెరుకు ఆగదు. ఎండిపోతుంది, రసం పులుస్తుంది, పులిసిన రసం పాకం కట్టదు.

ఉత్తినే తిరిగినప్పుడు ఇంజను బాగానే తిరిగేది. గానుగలో చెరుకు పెట్టగానే గుక్కపట్టిన పిల్లాడిలా బిగుసుకుపోయేది. మొదటి రోజు ఒకేసారి ఐదు గడలు మింగిన గానుగ రెండు గడలకే ఆగిపోయింది. ఇంజనును చల్లబరిచే తొట్టిలో నీళ్ళు సలసల కాగాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఆయిలు కల్తీ అన్నాను, బెల్టు జారుతోందన్నాను, చెరుకు ముదిరిపోయిందన్నాను. చివరికి నా భార్య గడలు సరిగ్గా అందించడం లేదని ఆమె మీద కేకలు వేశాను. ఆమె ఇంకో గడ అందుకుంది. మూడోరోజు అమ్మ పాకం నలిపి చూసి, వేళ్ళు కడుక్కుంటూ, "రసం నిలవుండిపోయి పులుపు తగుల్తంది. మేస్త్రీకి కబురెట్టరా" అంది.

మేస్త్రీ వచ్చి ఇంజను విప్పనైనా లేదు. సన్నగొట్టం మీద చెయ్యి ఆనించి, వేడికి వెనక్కి లాక్కుని, దాని వెంటే నడిచి గోతి దగ్గర కూర్చున్నాడు. మట్టి తీసి గోనె లాగాడు. మసీ, నూనే, తడీ కలిసి పిప్పంతా తారుముద్ద అయిపోయింది.

"ఎవులు సేసేరిది?"

"నేనే."

"పీల్సడానికి దీనికేటీ అడ్డం లేదు బాబూ. ఒదలడానికే అడ్డం. లోపలున్న పాతపొగ పోతే కదా కొత్తగాలికి సోటు! సన్నగొట్టం, మూడు మలుపులు, ఆపైన ఈ ముద్ద. సత్తువంతా పొగని తోసుకోడానికే సరిపోతంది, ఇంక గానుగ ఏటి తిప్పుద్ది?"

పెనం దగ్గర నుంచి అమ్మ తల తిప్పింది. "నా రోగం నీకెవులు సెప్పేరు బాబూ?" అంది. మేస్త్రీ నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"మరి సప్పుడు తగ్గితే సత్తువ తగ్గుద్దంటారు కదా?" అన్నాడు మా కూలీ ఒకడు.

"సప్పుడుకీ సత్తువకీ లంకె లేదు. దారి ఇరుగ్గా ఉంటే సత్తువ పోద్ది, అంతే. లావుగొట్టం పొడుగ్గా పెట్టి, నిదానంగా ఒక్క వొంపు తిప్పితే సప్పుడూ ఉండదు, పొగా దూరం పోద్ది, సత్తువా నిలుస్తాది." తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ గొట్టం ఇశాపట్నం నుంచి తేవాలి. పదిరోజులు పడతాది. ఈలోగా ఈ సన్నగొట్టం పీకేస్తే ఇంజను ఇప్పుడే లాగుద్ది. కానీ నువ్వు కోయించేసేక మిగిలింది మూర ముక్క. పొగంతా ఇక్కడే. ఆగగలవేటి?"

నేను చెరుకు గుట్ట వైపు చూశాను. అమ్మ వైపు చూడలేదు. ఆమె కూడా ఆ గుట్టనే చూస్తోందని తర్వాత నా భార్య చెప్పింది.

"ఇప్పీరా ఆ గొట్టం," అంది అమ్మ.

"అయితే నువ్వు ఇంటికెళ్ళిపో."

"పాకం ఎవులు సూస్తారు? నీ ఇంజను సూస్తాదేటి?"

ఇంకొక్కసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. బండి కట్టి, ఎత్తుకెళ్ళి ఇంట్లో దింపి ఉండాల్సింది. నేను స్పానరు అందుకున్నాను. రసం వడకట్టే గుడ్డ ఒకటి తడిపి అమ్మ ముక్కుకూ నోటికీ కట్టుకుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన విద్య ఆ వడకట్టడమే.

ఇంజను లాగింది. ఐదు గడలూ ఒక్కసారే లాగింది. ఆ చప్పుడుకు పాక తాటాకులు అదిరేవి, పక్కన నిలబడ్డ మనిషి మాట వినబడేది కాదు. అందరం చేతి సైగలతో బతికాం. అమ్మ చెయ్యి లేస్తే పెనం దిగేది. గుట్ట రోజురోజుకీ తరుగుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది. నాలుగోరోజు కాబోలు, నా భార్య నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది.

"అత్త తెగ దగ్గుతంది బావా! ఇనబడలేదేటి?"

"ఏటీ?"

"దగ్గుతందీ!"

నేను పెనం వైపు చూశాను. పొగలో అమ్మ నిటారుగానే కూర్చుని ఉంది. మొహానికి గుడ్డ ఉంది. "ఇంకో నాలుగు రోజులు ఓర్సుకోమను!" అని అరిచాను. నాకు నిజంగానే దగ్గు వినబడలేదు. వినబడని దగ్గు లేనట్టే అనుకున్నాను.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం, ఇంకో రెండు పెనాల చెరుకు మిగిలి ఉండగా, అమ్మ చెయ్యి లేచింది. నేను కూలీలకు సైగ చేశాను. ఇద్దరూ అటొకరు ఇటొకరు పట్టి పెనం దించారు. నేను వంగి చూస్తే పాకం ఇంకా రాలేదు, నీళ్ళలా ఉంది. అమ్మ ఎన్నడూ అలా తప్పలేదు. విసుగ్గా తలెత్తాను. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వేళ్ళు నన్ను పిలుస్తున్నాయి. నేను చేరేలోగా ఆమె పిప్పి మీదికి పక్కకు ఒరిగిపోయింది.

గుడ్డ లాగేశాను, గొట్టం మూతికి చుట్టిన గోనెలాగే నల్లబడి ఉంది. బండి కట్టి చోడవరం ఆసుపత్రికి తోలాం. దారి పొడవునా ఆమె పీలుస్తూనే ఉంది. ఒక్కసారైనా పూర్తిగా వదలలేకపోయింది. చోడవరం మొదట్లో ఆ పీల్చడం కూడా ఆగిపోయింది. మేము ముందు పెనాన్ని చూశాం, తర్వాత మనిషిని చూశాం. ఇంతకన్నా ఒప్పుకోవలసింది నా దగ్గర లేదు.

ఆమె పోయిన నాలుగోరోజున మేస్త్రీ బస్సు మీద లావుగొట్టం వేసుకుని దిగాడు. ఇంటికి వచ్చాక తెలిసి, అరుగు మీద కూర్చున్నాడు. "బాబూ, నాకు ముందే ఓ కార్డుముక్క రాసుంటే..." అని మాత్రం అని ఆపేశాడు. కర్మకాండ అయ్యాక వెనక పొలం చెరుకు మిగిలి ఉంటే మళ్ళీ కల్లానికి వెళ్ళాం. అతనే వచ్చి గొట్టం బిగించాడు. ఒక్క వొంపుతో, అవతలి గట్టు దాకా.

ఇంజను ఆరు గడలు ఒకేసారి లాగింది. తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పొగ గట్టు అవతల సన్నగా లేచి పోతోంది. చప్పుడు ఎంత తగ్గిందంటే, పాకం ఉడికే బుడబుడ వినబడుతోంది. పెనం దగ్గర అమ్మ చోట్లో నా భార్య కూర్చుని, నీళ్ళలో పాకం నలుపుతూ నా వైపు చూసింది. ఆమె చెయ్యెత్తే దాకా నేను అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు కల్లంలో ఎవరు దగ్గినా నాకు వినబడేది.